కోరుకిచ్చిన మందు

ఆ పొద్దుటికి ఆదినారాయణప్ప చేతిలో ఉన్నవి తొమ్మిది మాత్రలు.

ఎడమ చెయ్యి వణుకుతుంది కనుక సీసాను దాంతో పట్టుకోడు. కుడి అరచేతిలో పోసుకుని, మోచెయ్యి గోడకు ఆనించి, బొటనవేలితో ఒక్కొక్కటే పక్కకు తోస్తూ లెక్కపెట్టాడు. సగం తెలుపు, సగం పసుపు. వేరుశెనగ గింజంత పొడవు. ఆస్పత్రివాళ్ళు ఏడాదికి పన్నెండు సీసాలు ఇచ్చారు, సీసాకు ముప్పై. మూడు వందల యాభై ఒకటి అయిపోయాయి. ఇవాళ్టిది మూడు వందల యాభై రెండోది. సరిసంఖ్య పడిన రోజు మాత్ర తనది కాదు, ముత్తక్కది.

ఎనిమిదింటిని తిరిగి సీసాలో వేశాడు. ఒకదాన్ని కాగితంలో చుట్టి పొయ్యిగట్టు మీద పెట్టాడు. టీనీళ్ళు కాగుతున్నాయి. బయట ఇంకా మసక వీడలేదు. ఇంటి వెనక ఇరవై అడుగులకే కంచె. కంచె అవతల సోలార్ పలకలు, ఒక వరస వెనక ఒక వరస, తిరుమణి దాకా. వాటి కింద ఎక్కడో అతని మూడెకరాలు కూడా ఉన్నాయి.

వీధిలో చెప్పు ఈడ్చుకుంటూ వచ్చే చప్పుడు వినబడింది.

"ఏమప్పా సావుకారీ, లేసినావా? నేను రాకపోతే టీలోకి పలకలు కడిగే నీళ్ళే పోసుకునేట్టుండావే."

"రా అక్కా."

ముత్తక్క గడప దగ్గరే కూర్చుంది. అరవై మూడేళ్ళు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఎడమ చెయ్యి అదిమిపెట్టి ఉంచుతుంది. ఒళ్ళో పిల్లిని పట్టుకున్నట్టు ఉంటుంది చూసేవాళ్ళకు. చెంబును అతని వైపు జరిపింది. అతను తొంగి చూశాడు. రెండు వేళ్ళెత్తు పాలు. ఉగాదికి ఇదే చెంబు మెడ దాకా వచ్చేది.

"చెంబు చిన్నగైనట్టుండాదే."

"చెంబు అదే. మేక చిన్నగైంది."

"చెయ్యి పడతాలేదా? నిజం చెప్పు."

"ఆ నల్లది తన్నింది. సగం నేల తాగింది. ఇంగ విచారణ చాలించి మాత్ర ఇస్తావా, తూకం వేసి ఇస్తావా?"

అతను కాగితం పొట్లం ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగు చివర ముడేసుకుంది. ముడి పడడానికి నాలుగుసార్లు పట్టింది. అతను సాయానికి పోలేదు. ఒకరి వణుకులో ఒకరు వేలు పెట్టకూడదని వాళ్ళిద్దరి మధ్య మాట లేని ఒప్పందం.

"ఈడనే మింగకూడదా?"

"కడుపులో ముద్ద పడినంక మింగుతా. నీ మాదిరి వట్టి కడుపు నాది తట్టుకోదు."

టీ తాగి లేచింది. పోతూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, ఇంటి లోపలికంతా ఒకసారి చూసి, "తడిగా ఉంటాది, పలకల కాడ జాగ్రత్తగా నడువు" అంది. ఎప్పుడూ అలా అనదు. అతను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ పొద్దు అతని లెక్కంతా చెంబు మీదే ఉంది.

ఎందుకంటే ఆ చెంబు మీదే ముత్తక్క ఈ ఊళ్ళో ఉండడం ఆధారపడి ఉంది. దసరాకు మడకశిర నుంచి ఆమె తమ్ముడు హనుమప్ప వచ్చి తేల్చి చెప్పిపోయాడు. పాలు పిండుకున్నన్నాళ్ళు ఇక్కడ ఉండు, పిండలేని రోజు మేకలమ్మేసి నిన్ను తీసుకుపోతా అని. తమ్ముడి మాటలో తప్పు లేదు. ఒంటిగా ఉండే ఆడమనిషి, చెయ్యి పోతే ఎవరు చూస్తారు? కానీ ముత్తక్క పోతే ఆదినారాయణప్ప గడప దగ్గర కూర్చునేవాళ్ళు ఊరు మొత్తంలో ఇంకెవరూ లేరు. భార్య నల్లమ్మ పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. ఉన్న అన్నదమ్ముల పిల్లలు భూమి సోలార్ కంపెనీకి కౌలుకు పోయాక తుమకూరులో, హిందూపురంలో పనులు వెతుక్కున్నారు.

వైపర్ కర్ర భుజాన వేసుకుని కంచె గేటు వైపు నడిచాడు. పలకలను ఎండ తగలకముందే కడగాలి. కాలిన అద్దం మీద చల్లనీళ్ళు పడితే చిట్లుతుంది. ట్యాంకరు ముందు పోతూ ఉంటే వెనక పైపు పట్టేవాడొకడు, వైపర్ తోసేవాడొకడు. నీళ్ళు ఉప్పు తీసినవి. ఉప్పునీళ్ళతో కడిగితే అద్దం మీద తెల్లమచ్చలు మిగులుతాయట. ఫ్లోరైడ్ ఉన్న ఆ ఉప్పునీళ్ళే తాగే ఊళ్ళో జనం పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. అది వేరే సంగతి.

పని మీద అతనికి చిన్నచూపు లేదు. ముప్పై ఏళ్ళు వేరుశెనగ వ్యాపారం చేసినవాడికి దుమ్ము విలువ తెలుసు. నాగలమడిక, అరసికెరె చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి కళ్ళాల దగ్గరే కాయ కొనేవాడు. గోతంలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, ఒలిచి, గింజను బట్టి ధర చెప్పేవాడు. మట్టికి, తేమకు గోతానికి రెండు కేజీలు తరుగు తీసేవాడు. ఎక్కువ తీసిన రోజులు కూడా ఉన్నాయి. తీయలేదని ఎవరితోనూ అనలేదు. కాయ ఎండిందా, బూజు పట్టిందా అన్నది గోతం మూతి దగ్గర ముక్కు పెట్టి ఒక్క ఊపిరిలో చెప్పేవాడు.

ఆ ముక్కే మొదట పోయింది. ఒక ఏడాది బూజుకాయలు మూడు గోతాలు మంచికాయ ధరకు కొని ఇంటికి తెచ్చాడు. నల్లమ్మ వాకిట్లోనే ముక్కు మూసుకుని, "ఇల్లంతా కంపు కొడతా ఉంటే నీకు తెలీలేదా?" అంది. తెలియలేదు. జలుబనుకున్నాడు. ఆ జలుబు మళ్ళీ తగ్గలేదు. తర్వాత గోతాల మీద రాసే అక్షరాలు చిన్నవయ్యాయి. ఆ తర్వాత ఎడమ చెయ్యి. వాసన పోవడమే ఈ వణుకుడు జబ్బు తొలి గుర్తు కావచ్చని బెంగళూరులో డాక్టరు చెప్పేదాకా, అది తన వ్యాపారబుద్ధి మందగించడమేనని అనుకున్నాడు. అప్పటికి పొలాలు పలకల కిందికి పోయాయి. కొనడానికి కాయ కూడా లేదు.

"ఏమి ఆదినారాయణప్పా, తబలా కొడతాండావే?"

సూపర్‌వైజర్ మధుకుమార్ వెనక నిలబడి ఉన్నాడు. వైపర్ కర్ర పలక చట్రానికి తగిలి టకటకమంటున్నది. ఆదినారాయణప్ప రెండు చేతులా కర్రను బిగించి పట్టాడు. చప్పుడు ఆగలేదు.

"చలి సారూ."

"మా ఊర్లో కూడా చలి ఉండాది. నా చెయ్యి ఊగదే." మధుకుమార్ నవ్వుతూనే అన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, చెడ్డవాడు కాదు. "రేపటినుంచి గడ్డి పీకేవాళ్ళతో పో, అన్నా. పలక పగిలితే నన్నడుగుతారు."

"ఈ వరస అయిపోనీ సారూ."

"ఈ వరస నీదే. ఎవురొద్దన్నారు?"

ఆ వరస ముగించాడు. కడిగిన పలకలో ఆకాశం కనబడింది, కడగని దాంట్లో లేదు. ఆస్పత్రిలో శిల్పశ్రీ మందు సంగతి చెప్పినప్పుడు అతనికి తట్టిన పోలిక ఇదే.

శిల్పశ్రీ అక్కడి నర్సు. మధుగిరి పిల్ల, తెలుగు వచ్చు. డాక్టరు కన్నడంలో చెప్పిందంతా తిరిగి చెప్పింది. మెదడులో ప్రతి కణంలోనూ రోజూ పాతబడిన ప్రోటీన్లు పోగవుతాయి. కణం వాటిని తానే ముక్కలు చేసి ఊడ్చుకుంటుంది. కొందరిలో వయసుతో ఆ ఊడ్చే పని మందగిస్తుంది. ముద్దలు కట్టిన ప్రోటీన్ లోపలే పేరుకుంటుంది. చెయ్యీ కాలూ ఆడించే కణాలు దాంతో చచ్చిపోతాయి. ఈ మాత్ర చెత్తను తీయదు, చెత్త తీసే పనిని కణంలో మళ్ళీ లేపుతుంది.

"చచ్చినవి లేస్తాయామ్మా?"

"లేవు. ఉన్నవాటిని నిలబెట్టడానికే."

"నిలబడతాయా?"

"అది తెలుసుకోవడానికే ఈ పరీక్ష. ఎలుకల్లో నిలబడినాయి. మనుషుల సంగతి ఇంకా తెలీదు." ఇంకో మాట కూడా దాచకుండా చెప్పింది. సీసాల్లో సగం మందు, సగం వట్టి పిండి. ఎవరి సీసాలో ఏముందో తనకూ తెలీదు, డాక్టరుకూ తెలీదు. ఏడాది చివర లెక్క విప్పుతారు.

"చూడకుండా మూట కొనమంటారు" అన్నాడు ఆదినారాయణప్ప. శిల్పశ్రీ నవ్వింది. అమ్మేవాడికి కూడా మూటలో ఏముందో తెలియని బేరం అతను మొదటిసారి చూశాడు. ఇద్దరికీ తెలియనప్పుడు మోసానికి చోటెక్కడిది? వేలిముద్ర అక్కరలేదని, వణికే చేత్తోనే సంతకం పెట్టాడు.

ఆ రోజు ముత్తక్క కూడా అతనితో వెళ్ళింది. ఆమె రక్తం, మూత్రం చూసి వద్దన్నారు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నాయి, ఈ మందు ఒంటికి పడదు, హాని చేస్తుంది అన్నారు. తిరుగు బస్సులో మధుగిరి కొండ కనబడ్డాక ఆమె కిటికీలోంచి చూస్తూనే అంది: "నన్ను తరుగులో తీసేసినారు."

ఆ మాట అతనికి గుచ్చుకుంది. పావగడలో దిగేలోపల లెక్క వేసుకున్నాడు. భూమి ఉన్నవాడు, చెయ్యి ఉన్నవాడు కలిసి చేస్తే పంట చెరిసగం. దాన్ని కోరు అంటారు. మందెందుకు కోరుకు ఇవ్వకూడదు? ఒకరోజు తనకు, ఒకరోజు ఆమెకు. ఇద్దరికీ సగం సగం నయమైతే చాలు, ఆమె పాలు పిండుకుంటుంది, ఊళ్ళోనే ఉంటుంది. మూత్రపిండాల మాట ముసలమ్మను వదిలించుకోవడానికి చెప్పిన సాకు అనుకున్నాడు. ఈ నీళ్ళు తాగేవాళ్ళలో ఎవరి మూత్రపిండాలు గట్టిగా ఉన్నాయి? మొదటి మాత్ర ఆమె చేతిలో పెట్టినప్పుడు ఆమె చాలాసేపు దాన్ని చూసి, "ఊరికే తీసుకోను. పాలు పోస్తా" అంది. అంతే బేరం.

తొమ్మిదో నెలలో శిల్పశ్రీ అడిగింది. "రోజూ మింగుతున్నావా తాతా? తప్పిపోయి ఉంటే చెప్పు, తిట్టను. కానీ సగం మింగితే సగం పని చేస్తుందనుకోవద్దు. రక్తంలో ఒక మట్టానికి మందు ఉండాలి. దానికి తగ్గితే అసలు లేనట్టే."

"ఒక్క పొద్దు తప్పలేదమ్మా" అన్నాడు. ఖాళీ సీసాలు వరసగా బల్ల మీద పెట్టాడు. తరుగులో చేసిన మోసాలేవీ అతన్ని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఆ పిల్ల నమ్మి సీసాల మీద గుర్తు పెట్టుకుంటూ ఉంటే మాత్రం కళ్ళు దించుకున్నాడు. బస్సులో తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సగం ముద్ద తిన్నవాడికి సగం ఆకలి తీరుతుంది కదా, మందుకు మాత్రం వేరే లెక్క ఎందుకుంటుంది?

ఎండ ముదిరాక పని ముగిసింది. ఇంటికి వచ్చేసరికి ముత్తక్క వాకిట్లో గూడ్సు ఆటో నిలబడి ఉంది. నాలుగు మేకలు అప్పటికే ఎక్కాయి. నల్లమేక ఎక్కనని తాడు లాగుతోంది. దాన్ని ఎత్తి లోపల వేస్తున్నవాడు హనుమప్ప.

"రాప్పా ఆదినారాయణప్పా. అక్కను పిల్చకపోతాండా."

"ఏమైందని?"

"ఇంగ ఏం కావల్ల? మీ వీధి హొన్నమ్మ ఫోన్ చేసింది. నాలుగు దినాలుగా మేకల పొదుగులు పిండేవాళ్ళు లేక పగిలేట్టుండాయంట. పక్కింట్లో ఉండి నువ్వు చూడలేదా?"

అతను చూడలేదు. చెంబులోకి మాత్రమే చూశాడు. చెంబులో పాలు ఉన్నాయి.

"పది దినాలు ఆగు హనుమప్పా. పదే దినాలు. బెంగళూరికి పోయేదుండాది. ఏడాది నిండినోళ్ళకు మందు మళ్ళా ఇస్తారంట. అక్కకు ఇప్పుడిప్పుడే పని చేస్తా..." అక్కడ ఆగిపోయాడు.

"అక్కకు యాడి మందు? పడదని ఆ డాక్టరే చెప్పినాడు కదా. తింటే మూత్రం నిలిచిపోయి చచ్చిపోతాదని నాతో కూడా ఫోన్లో చెప్పినాడు."

చచ్చిపోతావు అన్న మాట ఆస్పత్రిలో ఆమె పక్కన కూర్చుని ఆదినారాయణప్ప కూడా వినే ఉండాలి. విన్నాడు. తరుగు తీసేటప్పుడు రైతు మొత్తుకోలు విన్నట్టు విన్నాడు.

ముత్తక్క గుడ్డల మూట పట్టుకుని బయటికి వచ్చింది. "ఏంది మాటలు? పొద్దు వాలకముందే పోవల్లంటివి కదరా."

"అక్కా, పోనని చెప్పు."

"చెప్పి? నువ్వొచ్చి పిండుతావా? నీ చేతికి నా చెయ్యే నయం." ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "సావుకారీ, నాలుగు దినాలుగా నీ టీలో పడింది నా మేకపాలు కాదప్పా. హొన్నమ్మ ఇంటి బర్రెపాలు. రోజూ తాగితివి. తెలీలేదా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"పాపం, ఆ ముక్కు" అంది. ఎగతాళి చెయ్యబోయి చెయ్యలేకపోయింది. తర్వాత మామూలు గొంతుతో, "మా గడప లోపల డబ్బా పెట్టినా. రాగులు. నీకే. ఎవురికీ పొయ్యొద్దు. ఆ సీసా అయిపోయినంక తెరువు" అంది.

"రాగులకు తిథీ నక్షత్రం ఏంది అక్కా?"

"చెప్పింది చెయ్యప్పా. ఎప్పుడూ నువ్వు చెప్పిందే నేను విన్న్యా కదా."

హనుమప్ప ఆమెను రెండు చంకల కింద పట్టి డ్రైవరు పక్క సీటులో కూర్చోబెట్టాడు. ఆటో కదిలింది. మేకలు అరిచాయి. ముత్తక్క వెనక్కి చూడలేదు. మెడ తిప్పడం ఆమెకు ఈమధ్య కష్టమవుతోందని అతనికి తెలుసు, అందుకే దాన్ని ఏ లెక్కలోనూ వేసుకోలేదు. కంచె పక్క దారిలో దుమ్ము లేచింది. లేచి, మెల్లగా పోయి పొద్దున కడిగిన వరస మీద పడింది.

వంట చేసుకోలేదు. సాయంత్రం వెలుతురు ఇంకా ఉండగా ముత్తక్క గడప లోపలి నుంచి డబ్బా తెచ్చుకున్నాడు. పాత బిస్కట్ డబ్బా. మూత ఊడకుండా చుట్టూ చీర పేలిక కట్టి ఉంది. సీసా అయిపోయేదాకా ఆగమంది. కానీ చూడకుండా మూట ఇంట్లో పెట్టుకోవడం అతని చేతకాలేదు. ముడి విప్పబోతే ఒక ముడి కాదు. వణికే చెయ్యి జారినప్పుడల్లా దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. ఏడు ముళ్ళు. అతని చెయ్యి కూడా వణికేదే. ఏడూ విప్పేసరికి ముందు వీధిలో దీపం వెలిగింది.

రాగులను చేటలో పోశాడు. రాళ్ళేమైనా ఉన్నాయేమో చూద్దామని చేటను పట్టుకున్నాడు. చెరగక్కరలేకపోయింది, చెయ్యి ఊగుతుంటే రాగులు వాటంతట అవే జారి కిందికి పోయాయి. పైన తేలినవి తెలుపు, పసుపు. ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత లెక్కకు అందనన్ని. రాగుల్లో దాచినది ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుందని ఇక్కడి ఆడవాళ్ళకు తెలుసు. ఒక్కటీ మెత్తబడలేదు, ఒకదానికొకటి అంటుకోలేదు. ఒకటి ఇంకా కాగితం పొట్లంలోనే ఉంది. ఆ పొద్దున తానిచ్చినది.

చేట నేల మీద పెట్టి కూర్చుని లెక్కపెట్టాడు. నూట డెబ్బై ఆరు. తప్పు లెక్కించానేమోనని మళ్ళీ పెట్టాడు. నూట డెబ్బై ఆరే. ఆమెకు ఇచ్చినవన్నీ.

సుగ్గి, అంటే కోతల కాలం, ముగిసిన రోజు లెక్క పైకి చెప్పుకోవడం అతనికి మొదటినుంచీ అలవాటు. వినడానికి అప్పట్లో నల్లమ్మ ఉండేది. ఇప్పుడు గోడకు చెప్పాడు. "నేను మింగినవి నూట డెబ్బై ఆరు. మందో పిండో, సగమే కాబట్టి నాకు పట్టలేదు. ఆయమ్మ మింగనివి నూట డెబ్బై ఆరు. మింగింటే ఆయమ్మ ఉండేది కాదు." మాత్ర వద్దు అని ఆమె ఒక్క మాట అని ఉంటే పాలు తీసుకునేవాడు కాడు, బేరం లేని ఇంటి గడప దగ్గర ఆమె కూర్చునేది కాదు. అది కూడా ఆమె లెక్క వేసుకునే ఉంటుంది. "సీసాలో ఎనిమిది. మొత్తం నూట ఎనభై నాలుగు."

రోజుకొకటి చొప్పున, శిల్పశ్రీ చెప్పినట్టే, నూట ఎనభై నాలుగు పొద్దులు. ఎవరికీ సగం ఇవ్వక్కరలేదు.

మాత్రలను మళ్ళీ రాగుల్లో కలిపి డబ్బాలో పోశాడు. మూత పెట్టి పేలిక చుట్టాడు గానీ కట్టలేదు. ఆ పేలిక ముడతలు ముడతలుగా, ఏడు ముళ్ళ ఆకారం పోకుండా, డబ్బా మీద అలాగే ఉండిపోయింది.